యాభై ఒక్క శాతం నా పేరు

నెల్లూరులో, మొదటి తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేటు వారి ఎదుట, 2026 ఫిబ్రవరి 4వ తేదీ బుధవారం మధ్యాహ్నం నమోదైనది.

నా పేరు మోచర్ల కెజియా. వయసు నలభై ఎనిమిది. కీర్తిశేషులు బెన్హర్ గారి భార్యను. నివాసం విడవలూరు. బీకాం చదివాను. పెళ్ళికి ముందు కాన్వెంటులో లెక్కలు చెప్పేదాన్ని. ప్రస్తుతం బెన్‌కెజ్ మెరైన్ ప్రొడక్ట్స్ ప్రైవేట్ లిమిటెడ్ అనే రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరును. ఆ కంపెనీలో అమ్మోనియా లీకయి ఇద్దరు ఆడవాళ్ళు చనిపోయిన కేసులో నన్ను మొదటి ముద్దాయిగా చూపించారు. బెయిలు మీద ఉన్నాను.

చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కరలేదని, చెబితే అది నా మీదికే రావచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను. ఆలోచించడానికి కొత్తగా ఏమీ లేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. చెబుతాను.

విడవలూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, ఊరు దాటాక కాలువ పక్కన మా ఫ్యాక్టరీ ఉంది. చెరువుల నుంచి రొయ్య వస్తుంది. ఆడవాళ్ళు తల తీసి, పొట్టు ఒలిచి, కడుగుతారు. తరువాత గడ్డ కట్టించి పెట్టెల్లో పెట్టి విదేశాలకు పంపుతారు. గడ్డ కట్టించే మిషన్లు అమ్మోనియాతో నడుస్తాయి. నా భర్త బెన్హరు దీన్ని ఐస్ ఫ్యాక్టరీగా మొదలుపెట్టి ఇంత చేశాడు. మా ఇద్దరి పేర్లు కలిపి బెన్‌కెజ్ అని పెట్టింది ఆయనే.

కరోనా సమయంలో ఎగుమతి ఆగిపోయి బ్యాంకు వాళ్ళు ఫ్యాక్టరీకి తాళం వేసే పరిస్థితి వచ్చింది. 2021లో తీరవాహిని ఎక్స్‌పోర్ట్స్ అనే పెద్ద కంపెనీ మా దాంట్లో వాటా తీసుకుంది. వాళ్ళకు నలభై తొమ్మిది శాతం, మాకు యాభై ఒకటి. ఆ కంపెనీ డైరెక్టరు పద్మనాభయ్య గారు సంతకాల రోజున బెన్హరు భుజం మీద చెయ్యి వేసి, "పెద్ద వాటా నీదే నాయనా. కంపెనీ నీదే. మేం పక్కన ఉంటాం, అంతే," అన్నారు.

పక్కన ఉండటం ఎలాంటిదో మాకు త్వరలోనే తెలిసింది. ఒప్పందంలో ఒక క్లాజు ఉంది. ఫ్యాక్టరీ మేనేజరును వాళ్ళే పెడతారు. ఏ మిషన్ కొనాలన్నా, మార్చాలన్నా, ఎన్ని గంటలు నడపాలన్నా వాళ్ళ ఒప్పుకోలు కావాలి. మేనేజరుగా ఫ్రెడ్డీ అనే అతను వచ్చాడు. మర్యాదస్తుడు. మమ్మల్ని అన్నా, అక్కా అనేవాడు. కానీ మేం చెప్పిన ఏ పనికైనా "సార్‌ని ఒక మాట అడగతా అక్కా," అనేవాడు. బెన్హరు 2023 ఆగస్టులో గుండె ఆగి చనిపోయాడు. ఆయన వాటా కూడా నా పేరు మీదికి వచ్చింది. యాభై ఒక్క శాతం నా ఒక్కదానిదే అయింది. ఫ్రెడ్డీ మాత్రం మారలేదు. "సార్‌ని ఒక మాట అడగతా అక్కా."

గత సంవత్సరం, అంటే 2025 ఫిబ్రవరిలో, తీరవాహిని వాళ్ళ లెక్కలు చూసే ఆడిటర్ల తరఫున అస్మా అనే అమ్మాయి మా ఫ్యాక్టరీకి వచ్చింది. చార్టర్డ్ అకౌంటెంటు. ముప్ఫై దాటి ఉండదు. ఈ అమ్మాయి అడిగింది ఏమిటో కోర్టు వారికి తెలియాలి. దాని మీదే తరువాత జరిగిందంతా ఆధారపడి ఉంది.

ఒక కంపెనీ ఇంకో కంపెనీలో వాటా కొంటే దాన్ని తన లెక్కల్లో ఎలా చూపించాలో పద్ధతి ఉందట. ఇరవై శాతం లోపయితే మామూలుగా అది ఉత్త పెట్టుబడి. ఇరవై నుంచి యాభై మధ్య అయితే పలుకుబడి ఉన్నట్టు లెక్క. అసోసియేట్ అంటారు. యాభై దాటితే పెత్తనం ఉన్నట్టు. సబ్సిడరీ అంటారు.

నేను లెక్కలు చెప్పినదాన్ని కదా, "నలభై తొమ్మిదే గదమ్మా. అసోసియేటే గదా. ఇంకేముంది అడిగేదానికి?" అన్నాను.

అస్మా తల అడ్డంగా ఊపింది. "శాతం చూసి ఒక అంచనాకి వస్తాం మేడమ్. అంతటితో అయిపోదు. నిజంగా ఎవరి మాట నడుస్తుందో చూడాల. మీరు మేనేజర్ని తీసెయ్యగలరా?"

"లేను."

"మీరు మిషన్ ఆపమంటే ఆపతారా?"

"వాళ్ళని అడగతారు."

"వాళ్ళు వద్దంటే?"

"ఆపరు."

ఆ అమ్మాయి పెన్ను మూత పెట్టేసింది. "అయితే ఇది అసోసియేట్ కాదు మేడమ్. నలభై తొమ్మిదే అయినా పెత్తనం వాళ్ళదే. సబ్సిడరీగా చూపించాల. అంటే మీ బ్యాంకు బాకీ, మీ నష్టం, ఆ మూల ఉండే ఐసు గడ్డతో సహా వాళ్ళ లెక్కల్లో కలపాల. అసోసియేట్ అయితే అవన్నీ కనపడవు. మీ కంపెనీ మొత్తం వాళ్ళ పుస్తకంలో ఒక్క లైను."

వాళ్ళకు ఒక్క లైనే కావాలని నాకు మార్చిలో అర్థమైంది. పద్మనాభయ్య గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. ఒప్పందంలో ఆ క్లాజు కొట్టేసి కొత్త కాగితం తెచ్చారు. "అమ్మా, ఇంకమీదట మేనేజర్ని పెట్టేది, తీసేది, మిషన్ నడిపేది, ఆపేది అంతా మీ చేతుల్లోనే. మాదేముంది, అడిగితే సలహా చెప్తాం," అన్నారు. నేను కాగితాన్ని మొదటినుంచీ చివరిదాకా చదివాను. ఆయన చెప్పినట్టే ఉంది. ఒక్క అక్షరం తేడా లేదు. సంతకం పెట్టాను.

ఆ ఆదివారం మా చర్చిలో, సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పాను. నా భర్త కట్టిన పని నాలుగేళ్ళకు మళ్ళీ మా చేతికి వచ్చిందని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆనందకుమారి నా పక్కనే కూర్చుని ఉంది. ఆమె మా ఫ్యాక్టరీలో రొయ్య ఒలిచే ఆడవాళ్ళకు మేస్త్రీ. జకరయ్య భార్య. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ఇంక నీకే చెప్పుకోవచ్చు గదక్కా మేము? ఫ్రెడ్డీ అన్నని బతిమాలే పన్లేదు," అంది. "నాకే చెప్పు," అన్నాను.

ఏప్రిల్‌లో అస్మా మళ్ళీ వచ్చింది. కొత్త కాగితం చూసింది. "ఇప్పుడు పెత్తనం మీదేనా మేడమ్?" అంది. "నాదే," అన్నాను. నేను నమ్మిందే చెప్పాను. "ఎప్పుడన్నా వాళ్ళకి ఇష్టం లేని పని చేసి చూసినారా?" అంది. "ఇంకా అట్టాంటి అవసరం రాలేదమ్మా," అన్నాను. ఆ అమ్మాయి అదే రాసుకుని వెళ్ళిపోయింది.

అవసరం సెప్టెంబరులో వచ్చింది.

సెప్టెంబరు 16వ తేదీ మంగళవారం పొద్దున నేను ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి గేటు దగ్గరే కళ్ళు మండాయి. కంప్రెసర్ నడిపే హెబ్రోను బయట నిలబడి దగ్గుతున్నాడు. "వాల్వు కాడ కారతా ఉంది మేడమ్. వారం నించీ చెప్తుండా. ఇయాళ ఎక్కువైంది. నాకు భయంగా ఉంది," అన్నాడు. ఫ్రెడ్డీని పిలిచాను. "కొంచెం వాసనే అక్కా. ఈ రెండ్రోజులు నడిపితే కంటైనర్ నిండుద్ది. ఆనేక రిపేరు చేయిస్తాం," అన్నాడు.

"ఆపెయ్," అన్నాను.

"సార్‌ని..."

"సార్‌ని అడగబాక. ఆపెయ్."

నేనే కంప్రెసర్ గదిలోకి వెళ్ళాను. ఏ స్విచ్చో హెబ్రోను చూపించాడు. నా చేత్తోనే ఆపాను. మిషన్ చప్పుడు ఆగిపోయాక ఫ్యాక్టరీలో మనుషుల మాటలు వినిపించాయి. అంత నిశ్శబ్దంగా ఆ ఫ్యాక్టరీని నేనెప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళు బయటికి వచ్చారు. ఇవాళ పని లేదని, కూలి మాత్రం ఇస్తానని, ఇళ్ళకు వెళ్ళమని చెప్పాను. సైదాబీ అనే పెద్దామె నా చెంప నిమిరి, "నువ్వు సల్లంగుండాల తల్లీ," అంది. ఆమెకు ఆయాసం ఉండేది.

పద్మనాభయ్య గారికి ఫోన్ చేసి ఆపేశానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మీ కంపెనీ, మీ నిర్ణయం. నేనెట్టా కాదంటానమ్మా? ఎల్లుండికి సరుకు చెన్నై చేరాల, అది మటుకు మనసులో పెట్టుకోండి," అన్నారు. ఇంతే అన్నారు. నడపమని నాతో అనలేదు. ఇది నిజం.

వాల్వు బాగుచేసే మెకానిక్ నాగూర్ గారి షెడ్డు చిల్లకూరు దగ్గర హైవే పక్కన ఉంది. ఫోన్ చేస్తే రానన్నారు. పోయినసారి వాల్వు మార్చమని చెబితే ఫ్రెడ్డీ వినకుండా పంపించేశాడట. "నేను జెప్పింది జెయ్యనప్పుడు నన్ను పిల్చేది దేనికి?" అన్నారు. నేను స్వయంగా వెళ్ళి తీసుకురావాలని బయలుదేరాను. తొమ్మిది దాటింది. వెళ్ళేముందు వెనక్కి తిరిగి చూశాను. మిషన్ ఆగే ఉంది.

నాగూర్ గారు నేను చెప్పింది విని లేచారు. సామాను వ్యానులో వేసుకున్నారు. కావలసిన వాల్వు గూడూరు షాపులో తీసుకునేసరికి ఆలస్యమైంది. తిరిగి వస్తుండగా, పదకొండున్నరకు, ఆనందకుమారి ఫోన్ చేసింది.

"అక్కా, మిషన్ మళ్ళా ఏసినారు. అందర్నీ లోపలికి రమ్మంటుండారు. నువ్వు జెప్పినావా?"

"నేను చెప్పలా. పోబాకండి."

"పోకపోతే రేపట్నించి రావద్దంటుండాడు ఫ్రెడ్డీ అన్న. సగం మంది లేచినారు. నువ్వు వద్దంటుండావని నేను ఆపతా. నీ మాట నిలబడుద్దా అక్కా?"

"నిలబడుద్ది," అన్నాను.

వెంటనే ఫ్రెడ్డీకి ఫోన్ చేశాను. మిషన్ ఆపమని, ఒక్కరు కూడా లోపలికి పోకూడదని చెప్పాను. అతను ఎదురు చెప్పలేదు. "సరే అక్కా," అన్నాడు. అంత తేలిగ్గా సరే అన్నాడని నాకు మనసు కుదుటపడింది. వ్యాను డ్యాష్‌బోర్డు మీద నాగూర్ గారి మనవరాలు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు ఉంది. దాని రెక్క ఒకటి ఊడి గాలికి కొట్టుకుంటోంది. దాన్ని నా వేలితో అదిమి పెట్టాను. నెల్లూరు వచ్చేదాకా అలాగే అదిమి పెట్టుకుని ఉన్నాను.

ఫ్రెడ్డీ ఆ తరువాత ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మేడమ్ ఇప్పుడే ఫోన్ జేసింది. నడపమనింది, పోండి," అన్నాడని బతికినవాళ్ళు చెప్పారు. ఆనందకుమారి నమ్మలేదట. కానీ అతను ఫోన్‌లో నా పేరు, టైము చూపించాడట. నిజమే. నేను చేసిన ఫోనే అది.

మేం ఒంటిగంటన్నరకు చేరాం. వ్యాను కాలువ మలుపు తిరగగానే నాగూర్ గారు బ్రేకు వేసి, "కొంగు తడిపి ముక్కుకు కట్టుకోండి," అన్నారు. ఆడవాళ్ళు కాలువలో నడుము లోతున నిలబడి ముఖాల మీద నీళ్ళు కొట్టుకుంటున్నారు. చేతులకు గ్లవ్స్ అలాగే ఉన్నాయి. కొందరు వాంతులు చేసుకుంటున్నారు. వాల్వు దగ్గర గొట్టం పగిలిందని హెబ్రోను అరుస్తున్నాడు. నాగూర్ గారు మాస్కు పెట్టుకుని, ఒళ్ళంతా తడుపుకుని లోపలికి వెళ్ళి గ్యాసు కట్టేశారు. ఫ్రెడ్డీ ఎక్కడా కనిపించలేదు.

తలలు లెక్కపెట్టుకుంటే ఇద్దరు తక్కువ వచ్చారు. ఆనందకుమారి ఒకసారి బయటికి వచ్చిందట. సైదాబీ రాలేదని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిందట. నాగూర్ గారు, ఫైరు సిబ్బంది కలిసి ఇద్దరినీ తెచ్చి రోడ్డు మీద పడుకోబెట్టారు. ఒలిచే హాలు తలుపుకు పది అడుగుల లోపల ఉన్నారట. ఆనందకుమారి తలకు పనిలో పెట్టుకునే గుడ్డ టోపీ లేదు. అది నీళ్ళలో తడిపి సైదాబీ ముక్కుకు కట్టి ఉంది. ముడి గట్టిగా ఉంది. డాక్టరు కత్తెరతో కత్తిరించాల్సి వచ్చింది.

ఆసుపత్రి వరండాలో ఆనందకుమారి భర్త జకరయ్య నా దగ్గరికి వచ్చాడు. అతను నన్ను తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. "అక్కా, నువ్వు ఓనరమ్మవి గదా. నువ్వు ఆపమంటే ఆగదా?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఈ రోజు ఇక్కడికి వచ్చింది ఆ జవాబు చెప్పడానికే. ఆగదు జకరయ్యా. ఆగలేదు.

మూడో రోజు నన్ను అరెస్టు చేశారు. ఫ్రెడ్డీ దొరికాక, మేడమ్ ఫోన్ చేసి నడపమంటేనే నడిపానని రాసి ఇచ్చాడు. కాల్ రికార్డులో నేను చేసినట్టు ఉంది, ఎంతసేపు మాట్లాడామో ఉంది. ఏం మాట్లాడామో లేదు. ఆ ఫోనులో నేను అన్నది ఒకటి, అతను రాసిచ్చింది ఇంకొకటి. ఫ్రెడ్డీకి మిషన్ వేయమని ఎవరు చెప్పారో నేను వినలేదు. విననిది చెప్పను.

తీరవాహిని వాళ్ళు పోలీసులకు ఒక జవాబు పంపారు. తమది నలభై తొమ్మిది శాతమేనని, అది అసోసియేట్ అని, తమకు పలుకుబడే తప్ప పెత్తనం లేదని, మిషన్ నడపడం ఆపడం మార్చి నుంచి పూర్తిగా మేనేజింగ్ డైరెక్టరు చేతిలో ఉందని. కొత్త ఒప్పందం జత చేశారు. కింద నా సంతకం ఉంది. అది నా సంతకమే.

నవంబరులో బెయిలు వచ్చాక అస్మా మా ఇంటికి వచ్చింది. పని మీద కాదు. ఆ ఉద్యోగం మానేసిందట. మంచినీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"ఫిబ్రవరిలో సబ్సిడరీ అని రాసినాను మేడమ్, ఏప్రిల్‌లో అసోసియేట్ అని రాసినాను. మధ్యలో కాగితం మారింది. మనుషులు మారినారా లేదా అని నేను చూడాల్సింది," అంది.

"నేనే నాదని చెప్పినాను గదమ్మా."

"మీరు చెప్పినారు. నేను అడగాల్సింది మీ ఒక్కర్నే కాదు."

తీరవాహిని వాళ్ళకు ఇప్పుడు ఎంత నష్టం వస్తుందని అడిగాను. అస్మా గ్లాసు కింద పెట్టింది. తరువాత చెప్పింది. అసోసియేట్ కాబట్టి మా కంపెనీ నష్టంలో వాళ్ళ వాటా మేరకు వాళ్ళు పెట్టిన పెట్టుబడి విలువ తగ్గించుకుంటూ వస్తారు. అది సున్నా అయ్యేదాకానే. మా తరఫున పూచీ పడి ఉంటే తప్ప సున్నా తరువాత ఎంత నష్టమొచ్చినా వాళ్ళ లెక్కలోకి రాదు.

"వాళ్ళు పూచీ పడలా మేడమ్. సబ్సిడరీ అయ్యుంటే మొత్తం కలపాల్సి వచ్చేది. అసోసియేట్‌కి సున్నాతో ఆగిపోద్ది," అంది.

"ఆనందకుమారి సున్నాకి పైనా కిందా?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. ఆ అమ్మాయి ఏడ్చింది. ఆమెను ఏడిపించడానికి నేను అడగలేదు.

గత నెల, జనవరి 20న, కంపెనీ బోర్డు మీటింగు పెట్టాను. ఒలిచే హాలుకు అప్పటికే సీలు వేశారు. ఉన్న సరుకు చెడిపోకుండా కోల్డ్ స్టోరేజీ మటుకు, పగిలిన గొట్టం మార్చి, అధికారుల అనుమతితో నడుస్తోంది. ఫ్యాక్టరీని శాశ్వతంగా మూసేసి, మిషన్లు, స్థలం అమ్మి, ముందు ఆ రెండు కుటుంబాలకు, తరువాత పనివాళ్ళకు, బ్యాంకుకు ఇవ్వాలని తీర్మానం పెట్టాను. పద్మనాభయ్య గారు ఎదురుగా కూర్చున్నారు. ఎలా వాదించాలో రాత్రంతా కూర్చుని రాసుకుని వెళ్ళాను. మొదటి వాక్యం చదవగానే ఆయన చెయ్యి ఎత్తారు. "మాకు అభ్యంతరం లేదమ్మా. అట్టనే కానివ్వండి. మా పుస్తకంలో అది సున్నా అయిపోయింది," అన్నారు. పక్కనున్న వాళ్ళ మనిషి కూడా చెయ్యి ఎత్తాడు. టీ ఇంకా రాలేదు. తీర్మానం అయిపోయింది.

సరుకు అంతా తరలించాక, జనవరి 29న, నేను కంప్రెసర్ గదికి వెళ్ళాను. హెబ్రోను ఉన్నాడు. నాగూర్ గారు గ్యాసు తీయడానికి వచ్చారు. గేటు బయట ఆడవాళ్ళు కొంతమంది నిలబడి ఉన్నారు. ఇంక పని ఉండదని వాళ్ళకు చెప్పేశాను. హెబ్రోను స్విచ్చు మీద చెయ్యి పెట్టి, "ఆపేదా మేడమ్?" అన్నాడు.

"ఆపెయ్," అన్నాను.

ఆపాడు. మిషన్ ఆగింది. ఎవరైనా వచ్చి మళ్ళీ వేస్తారేమోనని సాయంత్రం దాకా నేను అక్కడే నిలబడ్డాను. ఎవరూ రాలేదు.

పైన చెప్పినదంతా నేను చూసింది, విన్నది, చేసింది. విన్నవాటిని విన్నట్టే చెప్పాను. నాకు తెలిసినంతవరకు ఇందులో అబద్ధం లేదు. దీన్ని నాకు తెలుగులో చదివి వినిపించారు. సరిగా ఉందని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) మోచర్ల కెజియా

వాంగ్మూలం ఇచ్చినవారు స్వచ్ఛందంగా మాట్లాడారు. మధ్యలో ఒకసారి మంచినీళ్ళు అడిగారు. చదివి వినిపించిన తరువాత మార్పులేవీ కోరలేదు. నా సమక్షంలో సంతకం చేశారు.

(సంతకం, కోర్టు ముద్ర) మేజిస్ట్రేటు